వెండి, పింగాణీ కలిపి చేసే నగకి రేటు ఎట్ల చెప్పాలె? అందరు "ఎన్ని గ్రాములు" అనే అడుగుతున్నరు

గునుగు_పువ్వు (హన్మకొండ):

నమస్తే అందరికి. పోస్ట్ కొంచెం పెద్దగయితది, ఓపిక చేసుకొని చదవుండ్రి. నేను జైపూర్‌ల క్రాఫ్ట్స్ అండ్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్‌ల నాలుగేండ్లు చదివిన, మట్టి, గ్లేజు (మట్టి మీద వేసే గాజు పూత), కిల్న్ (మట్టి కాల్చే బట్టీ) పని అక్కడనే నేర్చుకున్న, కొన్ని రోజులు జైపూర్ దగ్గర కోట్ జేవర్ ఊర్ల బ్లూ పాటరీ చేసేటోళ్ళ పక్కన కూర్చొని చూసిన. వెండి పని మాత్రం కాలేజీల కొంచమే, మిగతాది జైపూర్ల ఒక ముసలి ఉస్తాద్ దగ్గర సెలవులల్ల నేర్చుకున్నదే. ఇప్పుడు ఇంటికి తిరిగొచ్చి ఏడాదిన్నర అయితుంది, ఇంటెనుక రేకుల షెడ్డుల చిన్న కరెంటు కిల్న్ పెట్టుకున్న, అండ్లనే ఒక మూలకు వెండి పని బల్ల.

నేను చేసేది ఏందంటే తెల్ల పింగాణీ మట్టిని పల్చగ రొట్టె లెక్క ఒత్తి, మా చేన్ల గట్టు మీది గునుగు పువ్వు తెచ్చి దాని మీద పెట్టి కర్రతోని దొర్లిస్త. పువ్వు తీసేస్తే ఆ కంకి మీద ఉన్న సన్న సన్న పొరలన్ని మట్టిల అచ్చు పడతయి, లెక్క పెట్టొచ్చు అంత క్లియర్‌గ. దాన్ని గుండ్రంగ కోసి, ఎండబెట్టి, గ్లేజు లేకుండ ఒకసారి కాల్చి (దాన్నే బిస్క్ అంటరు), ఆ గీతలల్ల కోబాల్ట్ నీలం నింపి తుడిచి, గ్లేజు వేసి 1220 డిగ్రీలకు మళ్ళ కాలుస్త. అప్పుడు ఆ బిళ్ళ చుట్టు వెండి గూడు కట్టి లాకెట్ గాని కమ్మలు గాని చేస్త. నీలం గీతలు, తెల్ల పింగాణీ, చుట్టు కొంచెం నలుపు చేసిన వెండి. నాకైతే చూస్తుంటే కడుపు నిండుతది, నిజంగ చెప్తున్న.

ఇగ బాధ ఏందంటే, మొన్న హైదరాబాద్‌ల ఒక ఎగ్జిబిషన్‌ల స్టాల్ పెట్టిన, మూడు రోజులు. లాకెట్ 4,800 అని చెప్పిన. వచ్చినోళ్ళు చేతిల పట్టుకొని "ఎంత బాగుందమ్మా" అంటరు, ఎంటనే "ఎన్ని గ్రాములు?" అంటరు. వెండి 9 గ్రాములు అని నిజమే చెప్పిన. ఒకామె అక్కడనే ఫోన్ల వెండి రేటు తీసి, 9 గ్రాములకు 1,700 అయితది, మజూరి ఎంతేసినా 2,500 దాటొద్దు, మిగతా 2,300 ఈ పింగాణీ ముక్కకా అని నలుగురి ముందట అడిగింది. నాకు నోరు రాలే. ఆమె కోపంతోని అనలే, నిజంగనే అర్థం కాక అడిగింది, అందుకే ఇంక బాధయింది. మూడు రోజులల్ల నాలుగు పీసులు పోయినయి, స్టాల్ కిరాయి వచ్చింది అంతే.

రెండో ప్రశ్న పని గురించి. పింగాణీ బిళ్ళను గూడుల పెట్టి వెండి అంచు ఒత్తేటప్పుడు పదింటిల మూడు అంచు దగ్గర ఎగిరిపోతున్నయి, గ్లేజు పెచ్చు లెక్క. ఒకసారైతే మొత్తం పొదిగినంక లాకెట్ కొక్కెం ఊడిందని మళ్ళ టంకం పెట్టబోయిన, మంట తగిలి రెండు నిమిషాలల్ల బిళ్ళ టప్పుమని రెండు ముక్కలయింది, కస్టమర్ ఆర్డర్ అది, రాత్రంత ఏడ్చిన. ఎవరన్న వెండి పని తెల్సినోళ్ళు, మట్టి పని తెల్సినోళ్ళు ఉంటే చెప్పండ్రి ప్లీజ్.

కమ్మచ్చు_తీగ (కరీంనగర్):

చెల్లే, మాది కరీంనగర్ ఫిలిగ్రీ ఇల్లు, మా తాతలు ఎలగందులల్ల ఉండి ఇటు వచ్చినోళ్ళు. నీ మొదటి ప్రశ్నకు ముందుగాల చెప్త, ఎందుకంటే అది మా ఇంట్ల రోజు నడిచే ముచ్చట.

నువ్వు ఒక్కదానివే అనుకోకు. ఫిలిగ్రీ అంటే ఏంది, వెండిని కమ్మచ్చుల (బెజ్జాలున్న పలక) నుంచి గుంజి గుంజి వెంట్రుక లెక్క సన్నగ చేస్తం, రెండు తీగలు కలిపి పురి పెడతం, దాన్ని రోలర్ల ఏసి చదును చేస్తం, ఆ అంచుకు పురి గీతలు కనపడుతయి చూడు అవే మా పనికి అందం. తరువాత మందం తీగతోని ఆకు లెక్కనో నెమలి లెక్కనో చట్రం కట్టి, అండ్ల ఈ సన్న తీగను చుట్టలు చుట్టలు నింపుతం. అటెనుక వెలిగారం, టంకం పొడి చల్లి మంట ఊదాలె, కొంచెం ఎక్కువైందా తీగలన్ని ముద్దయి కూసుంటయి, రెండు రోజుల పని పోతది. ఇంత చేసినంక గంధం గిన్నెను తక్కెట్ల పెడితే ఏం తూగుతది? మా దాంట్ల పని పెరిగే కొద్ది బరువు తగ్గుతది. గ్రాముల లెక్కన అమ్మితే మందం రేకు గిన్నె చేసినోడే లాభపడుతడు, తీగ పని చేసినోడు మునుగుతడు. మా నాయిన జమానాల గ్రాము మీద మజూరి తీసుకున్నరు, సగం మంది పిల్లలు ఈ పనిల నుంచి ఎల్లిపోయింది అందుకే. నేను ఇప్పుడు పీసు మీదనే చెప్త. అత్తరుదాను ఇంత, పూలసజ్జ ఇంత. గ్రాములు అడిగితే చెప్త, దాచ, కాని బిల్లుల వెండి ధర ఒక లైను, పని ధర ఒక లైను రాసి ఇస్త. పని ధర వెండి ధర కంటె ఎక్కువ ఉంటది, ఉండనియ్యి, సిగ్గు ఏంది అండ్ల.

ఇగ రెండోది. బిళ్ళ ఎందుకు ఎగురుతుందో నువ్వు రాసిందాన్ని బట్టే తెలుస్తుంది. నువ్వు గూడుకు ఏ వెండి వాడుతున్నవ్? 925 అయితే అది నీ తప్పు కాదు గాని నీ కష్టానికి కారణం అదే. 925ల ఏడున్నర శాతం రాగి ఉంటది, బిర్రుగ ఉంటది, ఒత్తితే వెండి వంగే ముందే పింగాణీ విరుగుతది. చట్రం, కొక్కెం 925తోని చెయ్యి, అంచు పట్టీ మాత్రం 999, అంటే రాగి కలపని మెత్తటి వెండితోని చెయ్యి, మందం 0.3 మిల్లీమీటర్ చాలు, మంట మీద లేత ఎరుపు వచ్చే దాక కాల్చి మెత్తగ చేసుకో. బిళ్ళ కింద ఖాళీ ఉండొద్దు. ఎనకట కుందనం పనిల రాళ్ళ కింద లక్క పోసేది ఎందుకనుకున్నవ్, రాయి కదలొద్దు, కింద గట్టి ఆధారం ఉండాలె అని. నువ్వు లక్క పొయ్యకున్నా సన్న రంపపు పొట్టు గాని అట్టముక్క గాని పెట్టి బిళ్ళ ఊగకుండ చూసుకో. ఒత్తేటప్పుడు ఒక దిక్కు నుంచి చుట్టు తిరుగుకుంట పోవద్దు. పైన ఒకసారి, కింద ఒకసారి, కుడి, ఎడమ, అట్ల ఎదురెదురుగ కొంచెం కొంచెం ఒత్తాలె.

పొదిగినంక మంట మాట ఎత్తనే వద్దు. టంకం, పటిక నీళ్ళల్ల ఉడకబెట్టుడు, నలుపు, మెరుగు, అన్ని ఖాళీ గూడు మీదనే అయిపోవాలె. బిళ్ళ అన్నిటికన్న ఆఖరుకు.

సారె_పక్కన (హైదరాబాద్, పుట్టింది రాజమండ్రి):

కరీంనగర్ అన్నగారు వెండి వైపు చెప్పేశారు కాబట్టి నేను మట్టి వైపు చెప్తానమ్మా. నేను పన్నెండేళ్ళ నుంచి స్టోన్‌వేర్ (బాగా వేడిలో కాల్చే గట్టి మట్టి సామాను) చేస్తున్నాను, కప్పులూ గిన్నెలూ ఎక్కువ, నగలు తక్కువ, కానీ పింగాణీ బిళ్ళలు వేలల్లో కోసుంటాను.

పెచ్చు ఎగరడానికి వెండి ఒక్కటే కారణం కాదు. నీ బిళ్ళ అంచు ఎలా ఉందో ఒకసారి గోరుతో తడిమి చూడు. కట్టర్‌తో నిలువుగా కోసి అలాగే వదిలేస్తే అంచు కత్తిలా ఉంటుంది, దాని మీద గ్లేజు కాలి కరిగినప్పుడు అంచు దగ్గర చిన్న గట్టులా ఉబ్బుతుంది, నువ్వు వెండి ఒత్తేది సరిగ్గా ఆ గట్టు మీదే. గ్లేజంటే గాజే కదా, గాజు అంచు మీద ఇనుప పనిముట్టుతో ఒత్తితే ఎగరక ఏమవుతుంది. మట్టి సగం ఆరి తోలులా ఉన్నప్పుడు తడి స్పాంజితో పై అంచుని లోపలికి వాలుగా తుడువు, అంటే కింద వెడల్పు, పైన కొంచెం తక్కువ, మామూలుగా నగల్లో పొదిగే రాయి ఉంటుంది చూడు అలాగ. అప్పుడు వెండి ఆ వాలు మీదకి హాయిగా వాలుతుంది. ఇంకోటి, పక్క అంచునీ అడుగునీ గ్లేజు లేకుండా తుడిచెయ్యి, ఎలాగూ గూట్లో దాక్కుంటుంది, కిల్న్ పలకకి అంటుకోకుండా కూడా ఉంటుంది.

సైజు కూడా ఒకసారి చూసుకో. పింగాణీ కుదించుకుపోతుంది, మట్టిని బట్టి పది నుంచి పదిహేను శాతం దాకా. 12 శాతం కుదిస్తుంది అనుకో, పచ్చిగా 25 మిల్లీమీటర్లు కోస్తే కాలాక 22 వస్తుంది. కానీ అన్నీ కచ్చితంగా 22 రావు, కొన్ని అరమిల్లీ అటూ ఇటూ, కొన్ని వంకర. కొత్తవాళ్ళు గూడు ముందే ఒకే సైజులో కట్టేసుకుని బిళ్ళని అందులోకి దూరుస్తారు, బిగుతుగా ఉన్నదాన్ని నొక్కుతారు, అది విరుగుతుంది. బిళ్ళ కాలి చేతికి వచ్చాక, ఆ బిళ్ళ చుట్టూ పేపరు పట్టీ పెట్టి కొలిచి, దానికి మాత్రమే గూడు కట్టు. టైం పడుతుంది నిజమే, కానీ పదికి మూడు పోవడం కంటే నయం కదా.

పొదగబోయే ముందు ప్రతి బిళ్ళనీ వేలి మీద నిలబెట్టి గోరుతో కొట్టి వినాలి. గట్టిది టింగుమంటుంది, లోపల సన్నని పగులు ఉన్నది డబ్‌మని చచ్చు చప్పుడు చేస్తుంది. కిల్న్ ఆర్పాక ఎంతకి తెరుస్తున్నావు నువ్వు? 573 డిగ్రీల దగ్గర మట్టిలో ఉన్న క్వార్ట్జ్ సైజు మారుతుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ దగ్గర తొందరపడితే కంటికి కనపడని పగులు వస్తుంది, అది మూడు వారాల తర్వాత గూట్లో ఒత్తేటప్పుడు బయటపడుతుంది, మనం వెండిని తిడతాం. వంద లోపుకి దిగేదాకా మూత ఎత్తకు. నేను మొదట్లో రెండొందల దగ్గర ఎత్తేసేదాన్ని ఆశ ఆగక.

కొత్తగా_నేర్చుకుంటున్నా:

మధ్యలో అడుగుతున్నందుకు సారీ అండి, ఒక డౌట్. వెండి, మట్టి రెండూ కలిపి ఒకేసారి కిల్న్‌లో పెట్టి కాల్చేయొచ్చు కదా, పొదగడం గొడవే ఉండదు?

సారె_పక్కన:

మంచి డౌటే. వెండి 962 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, 925 అయితే రాగి ఉంది కాబట్టి ఇంకా ముందే మొదలవుతుంది. ఆ అమ్మాయి పింగాణీ కాలేది 1220. అక్కడికెళ్ళేసరికి వెండి నీళ్ళై పలక మీద ముద్దగా ఉంటుంది. జైపూర్ బ్లూ పాటరీ అయితే 800, 850 దగ్గరే అయిపోతుంది, అందులో అసలు మట్టే ఉండదు దాదాపు, క్వార్ట్జ్ పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, జిగురు, వెలిగారం. కానీ ఆ గ్లేజు కరిగే వేడికి 925 కూడా మెత్తబడిపోయి రూపం పోతుంది, అందుకని అక్కడా వెండి తర్వాతే కడతారు. వెండి క్లే అని ఒకటుంది, జపాన్‌లో మిత్సుబిషి మెటీరియల్స్ వాళ్ళు 1990ల్లో తెచ్చారు, మెత్తటి వెండి పొడిని బంకలో కలిపింది. దాన్ని కాలిపోయిన పింగాణీ మీద రాసి తక్కువ వేడిలో ఇంకోసారి కాల్చొచ్చు. ఖరీదు చాలా ఎక్కువ, పైగా మన అమ్మాయి చేస్తున్న గూడు అందం దానికి రాదు నా మటుకు.

లెక్కల_పుస్తకం (విజయవాడ):

నేను చేతిపని చేసే కొంతమందికి అకౌంట్లు చూస్తాను, పని గురించి నాకు తెలీదు, డబ్బు గురించి చెప్తా. గునుగు_పువ్వు గారూ, మీరు 4,800 అని ఏ లెక్కన పెట్టారు? ఒక్క లాకెట్‌కి వెండి, గంటలు, కిల్న్ కరెంటు, పోయిన బిళ్ళలు, అన్నీ ఇక్కడ రాయండి, మిగతాది నేను చెప్తా.

గునుగు_పువ్వు:

వెండి 9 గ్రాములు, నేను కొన్నప్పుడు గ్రాము 190 పడ్డది, అంటే 1,710. గ్యాసు, టంకం, రాపిడి కాగితం, పటిక అన్ని కలిపి 150 అనుకోండ్రి. కిల్న్‌ల ఒక్కసారికి 40 బిళ్ళలు పడతయి, రెండు కాల్పులకు కలిపి కరెంటు 900 అయితది, 40ల మంచిగ వచ్చేటివి 26. ఆ 40 చేసుడుకు నాకు రెండు రోజులు, అంటే 16 గంటలు. వెండి పని ఒక్క లాకెట్‌కి 5 గంటలు. గంటకు 250 వేసుకుంటున్న. డబ్బా, సంచి 100.

లెక్కల_పుస్తకం:

థాంక్స్, చాలా క్లియర్‌గా ఇచ్చారు, ఇంత క్లియర్‌గా రాసుకునేవాళ్ళు తక్కువ. 16 గంటల్ని 40తో కాదు, 26తో భాగించాలి, ఒక్క మంచి బిళ్ళకి 37 నిమిషాలు. కరెంటు 35 రూపాయలు. వెండి పనితో కలిపి 5 గంటల 37 నిమిషాలు, మీ రేటుకి 1,400. మొత్తం 1,710, 150, 35, 1,400, 100 కలిపితే 3,395. ఇందులో స్టాల్ కిరాయి లేదు, కిల్న్ కొన్న డబ్బు లేదు, పొదిగేటప్పుడు పోతున్న ముప్పై శాతం లేదు, డిజైన్ ఆలోచించిన రోజులు లేవు.

ఇప్పుడు మీరు ఒక బొటీక్‌లో పెట్టారనుకోండి, వాళ్ళు 35 శాతం తీసుకుంటారనుకుందాం. 4,800లో మీ చేతికొచ్చేది 3,120. అంటే ప్రతి లాకెట్ మీద మీరు 275 రూపాయలు ఎదురిచ్చి అమ్ముతున్నట్టు. మీరు ఎగ్జిబిషన్‌లో సిగ్గుపడ్డ రేటు నిజానికి తక్కువ రేటు. బొటీక్‌లో లాభం లేకుండా ఖర్చు రావాలన్నా 5,230 ఉండాలి. అలాగని ఎగ్జిబిషన్‌లో ఒకటి బొటీక్‌లో ఒకటి చెప్పకండి, ఎక్కడైనా ఒకే రేటు, లేకపోతే బొటీక్ వాళ్ళు ఇంకోసారి తీసుకోరు.

వెండి రేటు సంగతి కూడా చూసుకోండి. 2025 మొదట్లో కిలో 90 వేల దగ్గర ఉన్న వెండి ఏడాది చివరికి రెండు లక్షలు దాటింది. మీరు పాత రేటుకి కొన్నదాన్ని పాత రేటుకే లెక్కేసి అమ్మేస్తే మళ్ళీ అంత వెండి కొనలేరు. ఇవాళ కొంటే ఎంతో అదే వేసుకోండి.

హాల్‌మార్క్ గురించి ఎవరూ అనలేదు. బంగారానికి లాగా వెండికి అది తప్పనిసరి కాదు, కానీ 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికి కూడా ఒక్కో నగకి వేరుగా ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ నంబర్ వేస్తున్నారు, కొన్నవాళ్ళు హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి చూసుకోవచ్చు. మీకు షాపు పేరు లేదు, మూడు తరాల నమ్మకం లేదు, కాబట్టి మీకు అది షాపులవాళ్ళ కంటే ఎక్కువ అవసరం. "ఎన్ని గ్రాములు" అని అడిగేవాళ్ళలో సగం మంది నిజానికి అడిగేది "ఇది నిజం వెండేనా" అని.

నల్లరేగడి_చీర (గుంటూరు):

నేను కొనేదాన్ని, చేసేదాన్ని కాదు, ఆ ఎగ్జిబిషన్‌లో అడిగినావిడ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పనివ్వండి. మా ఇళ్ళల్లో వెండి అంటే దాచుకునే డబ్బు. పిల్లకి పట్టీలు చిన్నవైతే కొట్టుకి తీసుకెళ్ళి పాత వెండి తూకం వేయించి, పైన కాస్త డబ్బు కట్టి కొత్తవి తెచ్చుకుంటాం, మా అమ్మ చేసింది, నేనూ చేస్తున్నా. అలా పెరిగినవాళ్ళం లాకెట్ చేతిలోకి రాగానే గ్రాములే అడుగుతాం. అందులో పిల్లని తక్కువ చెయ్యాలని ఏమీ ఉండదు. నా మొదటి సిరామిక్ లాకెట్ నాలుగేళ్ళ క్రితం కొన్నప్పుడు నేనూ అదే అడిగా. ఆ చేసినావిడ నాకు పాడైన బిళ్ళలున్న డబ్బా తెరిచి చూపించింది, పగిలినవీ, వంకరపోయినవీ, గ్లేజు బుడగలొచ్చినవీ, ఒక గుప్పెడు. "ఇవన్నీ పోయాక ఇది వచ్చిందండీ" అంది అంతే. బంగారం కొట్లో తరుగు అని కడతాం కదా నోరెత్తకుండా, ఇదీ తరుగే కదా అనిపించింది నాకు, బేరం ఆడలేదు. మీరు ఆ 14 బిళ్ళలు పారెయ్యకండి, గాజు సీసాలో వేసి స్టాల్ మీద పెట్టండి.

కొనేటప్పుడు నాకున్న రెండో భయం పగులుతుందేమో అని. పగిలింది కూడా, వంటగట్టు గ్రానైట్ మీద పడి. వెండి బాగానే ఉంది, బిళ్ళ పోయింది, చేసినావిడ ఫోన్ మార్చేసింది, గూడు ఒక్కటే బీరువాలో పడుంది. బిళ్ళ పగిలితే మళ్ళీ వేసిస్తాను అని ఒక కార్డు మీద రాసివ్వండి, నాలాంటివాళ్ళు ఇంకో వెయ్యి ఎక్కువైనా ఇస్తారు.

తోమడం గురించి కూడా ఆ కార్డు మీదే రాయండి. మన ఇళ్ళల్లో వెండి అనగానే విభూది పెట్టి రుద్దుతాం. నేను రుద్దాను. వెండి మెరిసింది కానీ బిళ్ళ మీద ఆకు అచ్చు గీతల్లోకి విభూది దూరి బూడిద రంగు గారలా పట్టేసింది, మెత్తటి బ్రష్షుతో కుంకుడు రసం వేసి తోమితే గానీ పోలేదు. మీ గునుగు పువ్వుకి ఇంకా సన్న గీతలంటున్నారు కాబట్టి ముందే చెప్పండి.

కమ్మచ్చు_తీగ:

గుంటూరు అక్క విభూది ముచ్చట మంచిగ చెప్పింది. సిల్వర్ డిప్ అని సీసాలల్ల అమ్ముతరు, అండ్ల ముంచొద్దని కూడ రాయి చెల్లే. నువ్వు కష్టపడి పెట్టిన నలుపు ఒక్క నిమిషంల పోతది, లాకెట్ కొత్త గిన్నె లెక్క తెల్లగ అయి కూసుంటది.

లెక్కల అన్న చెప్పిండు గని ఒక్క మాట, ఖర్చు 3,395 అన్నరు, అండ్ల గంటకు 250 అన్నది నాకు నచ్చలే. నాలుగేండ్లు చదివి, చేతులు కాల్చుకొని నేర్చుకున్న పనికి రోజుకు రెండు వేలా? మా కార్ఖానల మంచి పనోడు తక్కువ తీసుకుంటడు, అది నిజమే, అది మా బాధ, నువ్వు మా బాధను చూసి నీ రేటు పెట్టుకోకు.

సారె_పక్కన:

నేను ఒక్క విషయంలో కొంచెం వేరుగా అనుకుంటున్నాను. బిల్లులో వెండి ఒక లైను, పని ఒక లైను రాయమన్నారు అన్నగారు. ఫిలిగ్రీకి అది సరే, అక్కడ ఉన్నదంతా వెండే. ఈ అమ్మాయి నగలో ముఖ్యమైనది బిళ్ళ, వెండి దానికి చట్రం. రెండు లైన్లు రాయగానే చూసేవాళ్ళ కన్ను వెండి లైను దగ్గరే ఆగుతుంది, బిళ్ళ మళ్ళీ "పింగాణీ ముక్క" అయిపోతుంది. నేనైతే ఒకే ధర రాసి, కింద కార్డు మీద వెండి 925, నికర బరువు 9 గ్రాములు, బిళ్ళ చేత్తో చేసింది, 1220 డిగ్రీల దగ్గర కాల్చింది, అని వివరం ఇస్తాను. దాచడం లేదు కదా ఏమీ.

కమ్మచ్చు_తీగ:

ఒప్పుకుంట అక్కా. నేను వెండి మనిషిని, నా కన్ను కూడ ముందుగాల వెండి మీదనే పోయింది.

గునుగు_పువ్వు:

అందరికి ఏమని చెప్పాలె, రెండు రోజుల నుంచి మళ్ళ మళ్ళ చదువుతున్న. మా అమ్మకు కూడ చదివి వినిపించిన.

సారె అక్కా, మీరు చెప్పినట్టు నిన్న బిళ్ళలన్ని గోరుతోని కొట్టి చూసిన. 26ల నాలుగు డబ్‌మన్నయి. చూడనికి ఏం లేదు, నున్నగ ఉన్నయి, నేను రేపో ఎల్లుండో వాటికి గూడు కట్టేదాన్ని. కిల్న్ నేను 180, 200 దగ్గర తెరుస్తున్న, ఈసారి ముట్ట. అంచు కూడ మీరన్నట్టే ఉన్నది, గోరుకు గట్టు తగులుతుంది, ఏడాదిన్నర నుంచి నేను దాన్ని తడిమి చూడలే. పొద్దుగాల పన్నెండు కొత్తవి కోసి, స్పాంజితోని వాలు తీసి ఎండకు కాకుండ నీడకు పెట్టిన.

అన్నా, మీరు అన్నది నిజం, అంచుకు కూడ 925 పట్టీనే వాడుతున్న, 0.5 మందం. జైపూర్ల ఉస్తాద్ రాళ్ళకు అదే వాడేటోడు, రాయి గట్టిది కాబట్టి తట్టుకునేది, నేను గుడ్డిగ అదే చేసిన.

లెక్కల అన్నా, నేను ఏం చేద్దామనుకుంటున్న అంటే లాకెట్ 6,200 చేస్త, ఎక్కడైనా అదే. ఒక్కో అచ్చుకు రెండు బిళ్ళలు చేసి ఒకటి పేరు రాసి నా దగ్గర దాచిపెడత, మూడేండ్ల లోపల పగిలితే కొరియర్ ఖర్చుకే మార్చిస్త అని కార్డు మీద రాస్త. 999 పట్టీ అయితే తెరిచి మళ్ళ ఒకసారి మూయొచ్చు కదా అన్నా, విరగదు కదా? గుంటూరు అక్కా, మీ గూడు ఇంక బీరువల ఉంటే ఫోటో, లోపలి కొలత పంపండ్రి, నేను బిళ్ళ చేసిస్త, పైసలొద్దు, మీరు చెప్పిన సీసా మాటకు అది తక్కువనే.

హాల్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఈ నెలల పెట్టుకుంట.

కమ్మచ్చు_తీగ:

ఒకసారి తెరిచి మూయొచ్చు, మెల్లగ సన్న చాకు మొనతోని లేపాలె. రెండోసారికి పట్టీ పగుళ్ళు వస్తది, కొత్త పట్టీ వేసుకోవాల్సిందే, అది 20 నిమిషాల పని. నువ్వు 999 పట్టీ కొనకు, మా దగ్గర గుంజి ఉన్నది, వెండి రేటుకే ఇస్త. హన్మకొండ నుంచి ఎంత దూరం, పొద్దుగాల బస్సెక్కితే టిఫిన్ల యాళ్ళకు ఇక్కడ ఉంటవ్. ఆ డబ్‌మన్న నాలుగు బిళ్ళలు కూడ తీస్కరా, వాటి మీద ఒత్తుడు ప్రాక్టీస్ చేద్దువు, విరిగినా బాధ లేదు.

నల్లరేగడి_చీర:

గూడు దొరికింది. లోపలి కొలత 24 మిల్లీమీటర్లు, మా అబ్బాయి స్కేలు పెట్టి కొలిచాడు. ఫోటో మెసేజ్‌లో పెట్టా. పైసలొద్దంటే కుదరదు.